మేత మానిన తాబేలు

ప్రాణులలో తాబేలువంటి మౌని మఱియొకటి లేదు. ఆకలిగొన్న ఆవు అంబాయని యఱచును. కాలు విఱిగిన కుక్క మూలుగును. తెగులు తగిలిన కోడి రెక్కలు వ్రేలవైచి మూలను నిలుచును. తాబేలు మాత్రము సుఖమునందును దుఃఖమునందును ఒక్క తీరుననే తల ముడుచుకొని కూర్చుండును. కుందేలును గెలిచిన తాబేటి కథయు, హంసలు పట్టిన కఱ్ఱను నోట గఱచుకొని యెగురుచు, మాటలాడబోయి నేలగూలిన తాబేటి కథయు మనమందఱము చిన్న తరగతులలో చదివియున్నాము. మొదటిది ఓర్పును, రెండవది మౌనమును నేర్పును. కాని ఓర్పును మౌనమును మెండుగా గల ప్రాణికి వ్యాధి కలిగినపుడు దాని బాధను కనిపెట్టుట యెట్లో ఆ కథలు చెప్పవు. గడచిన జనవరి మాసమున వసతిగృహ విద్యార్థులమైన మేమైదుగురము ఆ పాఠమును ఒక తాబేటియొద్దనే నేర్చుకొంటిమి. దానిని మా తోడి విద్యార్థులకును, తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును విన్నవించుచున్నాము.

మా ఆత్మకూరు కృష్ణానదికి ఉత్తరపు దిక్కున నున్నది. పూర్వము అమరచింత సంస్థానమునకు ముఖ్యపట్టణమై యుండెను. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినది మొదలు వనపర్తి జిల్లాలో చేరియున్నది. నదికి ఆవలి గట్టున గద్వాల. నడుమ జూరాల ఆనకట్ట. కాలువలు రాకముందు ఈ సీమవారు వానలు లేనియేట కూలికై దేశాంతరములు పోవుచుండిరి. పాలమూరు కూలీలు త్రవ్వని కాలువయు, రాయి మోయని ఆనకట్టయు అరుదని పెద్దలు చెప్పుదురు. మా వసతిగృహము వెనుక వీధిలో నివసించు అవ్వయొక్క భర్తయు అట్లే యౌవనమున అనంతపురము జిల్లా వైపు మట్టిపనికి పోయి, తిరిగి వచ్చునపుడు సంపాదనతోపాటు ఒక చిన్న తాబేటిని ఉత్తరీయమున మూటగట్టుకొని వచ్చెనట. ఆయన గతించి పదునొకండేండ్లయినది. తాబేలు మాత్రము పెరటిలో పెరుగుచునే యుండెను. అవ్వ దానిని కూర్మయ్యయని పిలుచును.

అది నక్షత్ర తాబేలు. నల్లని గుల్లమీద ఒక్కొక్క బొడిపె నడినెత్తినుండి పసుపుపచ్చని గీతలు కిరణములవలె నలుదెసలకు వ్యాపించియుండుటచే దానికాపేరు వచ్చినది. ఆ చారలు చూచువారికి సొగసుగా నుండును. ఎండిన గడ్డిపోచల నీడలలో అది కదలక పడియున్నపుడు కంటికి కనబడకుండునట్లు ఆ చారలే దానిని కాపాడును. మన చెఱువులలోను కాలువలలోను తిరుగు నీటి తాబేలు వేఱు, ఇది వేఱు. నీటి తాబేటి వ్రేళ్ల నడుమ తోలు అల్లుకొని యుండును. దీని కాళ్లు మాత్రము ఏనుగు కాళ్లవలె మోడులు. ఇది మెట్టనేలల ప్రాణి. దీనికి ఈత రాదు.

ఒకనాటి సాయంకాలమున అవ్వ మా ప్రహరీగోడయొద్దకు వచ్చి, "బిడ్డలారా, మా కూర్మయ్య పదిదినాల సంది ముద్ద ముట్టుతలేడు. పిలిస్తే మెడ సుత లేపుతలేడు. మీరు చదువుకున్న పిల్లలు, జర చూడుండ్రి" అని కన్నుల నీరు పెట్టుకొనెను. మేము వసతిగృహాధికారి గారి యనుమతి గైకొని వెంటనే పోయితిమి. తాబేలు ధాన్యపు గదిలో, బస్తాల సందున, గోడకు మొగముపెట్టి పడియుండెను. ఎత్తి చూడగా కాళ్లు ముడుచుకొను బలము సయితము తక్కువగా నుండెను. దాని యెదుట పాలు కలిపిన అన్నపు ముద్ద ఎండిపోయి యుండెను.

అంతకుముందే ఇరుగుపొరుగువారు తమకు తోచిన ఉపాయములు చెప్పియుండిరి. అందఱును మంచి మనసుతో చెప్పినవారే. ఒక బంధువు, "ఇది మనకు దక్కునది కాదు, కృష్ణలో విడిచిన పుణ్యమైనను వచ్చును" అనెను. గొఱ్ఱెలు కాచు పొరుగువాడొకడు, తన మందకు వేయు పురుగుల మందు కొంచెము సీసాలో తెచ్చి, "రెండు చుక్కలు వేసిన చాలు, గొఱ్ఱెలు తెల్లవాఱుసరికి మేతకు పోవును" అనెను. ఇంకొకరు నోరు తెఱిచి గంజి పోయుమనిరి. ఈ మూడింటిలో ఏది జరిగినను కూర్మయ్య కథ ఆనాడే ముగిసియుండెడిది. ఆ సంగతి మఱునాడుగాని మాకు తెలియలేదు. ఆ రాత్రి మేము మందు మాకులు ముట్టక, దానిని చలిగాలి తగులనిచోట ఎండుగడ్డిమీద నుంచి, ఉదయమున మా జీవశాస్త్రోపాధ్యాయులను వెంటబెట్టుకొని పశువైద్యుని యొద్దకు పోయితిమి.

వైద్యులు దానిని వెల్లకిల త్రిప్పక, రెండు చేతులతో నేలకు సమముగా పట్టుకొని చూచిరి. తాబేటికి మనవలె ఊపిరితిత్తులకును కడుపునకును నడుమ బలమైన కండరపు పొర లేదనియు, వెల్లకిల వేసినచో కడుపులోని బరువంతయు ఊపిరితిత్తులమీద పడుననియు చెప్పిరి. ముక్కున నురుగు బుడగలు గాని, ఊపిరిలో ఈలవంటి ధ్వని గాని కలదేమో పరీక్షించిరి, అవి లేవు. నోటిలో పుండ్లు లేవు. గుల్లను నొక్కి చూడగా గట్టిగానే యున్నది. కన్నులు మాత్రము కొంచెము లోతుకు పోయియుండెను. అది దేహమున నీరు తఱుగుటకు గుర్తు. పిదప క్రిందిగుల్లను, తోకను చూచి చిఱునవ్వు నవ్విరి. మగ తాబేటికి క్రిందిగుల్ల లోపలికి వంగియుండును, తోక పొడుగు. ఆడుదానికి గుల్ల సమతలము, తోక పొట్టి. మన కూర్మయ్య ఆడుది! గ్రుడ్లు నిండియున్న తాబేలు మేత మానుట కలదు గనుక వెనుకకాళ్ల ముందర వ్రేళ్లతో తడిమి చూచిరి, గ్రుడ్లును లేవు.

పురుగుల మందు మాట మేము చెప్పగా వైద్యుల మొగము గంభీరమయ్యెను. గొఱ్ఱెలకు, మేకలకు, పశువులకు సాధారణముగా వేయు ఐవర్‌మెక్టిన్ అను మందు తాబేళ్లకు విషప్రాయమనియు, కండరములు చచ్చుబడి, ఊపిరి నిలిచి చచ్చుననియు చెప్పిరి. ఒక ప్రాణికి అమృతమైనది మఱియొక ప్రాణికి హాలాహలమగునని మేము ప్రత్యక్షముగా నెఱిగితిమి. బలవంతముగా గంజి పోయుటయు అట్టిదే. తాబేలు మనవలె దగ్గి బయటికి నెట్టజాలదు గాన అది ఊపిరిగొట్టమున చేరి ప్రాణము తీయును. ఇక కృష్ణలో విడుచుట యన్ననో, ఈతరాని దానిని నీట ముంచుటయే.

"మఱి దీని రోగమేమి?" యని యడిగితిమి. వైద్యులు ప్రత్యుత్తరముగా నాలుగు ప్రశ్నలు వేసిరి: ఎక్కడ పడుకొనును? ఎండ తగులునా? ఏమి తినును? ఇటీవల ఇంటిలో ఏమి మాఱినది? మొదటి మూడింటికి అవ్వ తడుముకొనక జవాబు చెప్పెను. "ముప్పది ఏండ్ల సంది నా చేతి అన్నమే తిన్నది సారూ, ఎన్నడు జ్వరమెఱుగదు" అనెను. నాలుగవ ప్రశ్నకు మాత్రము ఆమెకేమియు తోచలేదు.

జవాబు ఆమె పెరటిలో నుండెను. సాయంకాలము మేము పోయి చూడగా పెరడంతయు తాండూరు బండలు పఱచి సిమెంటుతో అదికించియుండెను. క్రిందటి వేసవిలో అవ్వ కుమారుడు ఇల్లు బాగుచేయించి, తల్లి బురదలో జాఱిపడకుండుటకై ఆ పని చేయించెనట. మంచి కొడుకు చేయదగిన పనియే. కాని అంతకుముందు అదే పెరటిలో గరిక యుండెను. బావిగట్టున మందారచెట్టు, గోడవారను మునగ, కంపలో నాగజెముడు ఉండెను. తాబేలు పగలంతయు వానిని కొఱుకుచు, ఎండ కాగుచు, మధ్యాహ్నము మందారపు నీడకు చేరుచు, సాయంకాలమున అవ్వ చేతి ముద్ద ముద్దుకొఱకు తినుచుండెను. ముప్పది ఏండ్లు దానిని పోషించినది అన్నము కాదు, పెరడు. బండలు పడినది మొదలు గడ్డి పోయినది, మన్ను పోయినది, ఎండ తగులు తావు పోయినది; అన్నము మాత్రము మిగిలినది. చలికాలము రాగానే అవ్వ జాలితో దానిని ధాన్యపు గదిలోనికి చేర్చెను. మేము ఉష్ణమాపకము పెట్టి చూడగా ఉదయమున ఆ గది నేల 18 డిగ్రీలు చూపెను.

దీని మర్మమును మా ఉపాధ్యాయులు విశదపఱచిరి. మన దేహము తన వేడిని తానే పుట్టించుకొనును. తాబేటి దేహమునకు ఆ శక్తి లేదు. చుట్టునున్న గాలియు నేలయు ఎంత వేడిగానున్న అదియు అంతే. నక్షత్ర తాబేటి కడుపు చక్కగా పనిచేయుటకు పగటివేళ సుమారు 27 మొదలు 32 డిగ్రీల వేడి కావలెను. చలిలో జీర్ణశక్తి నిలిచిపోవును, కడుపులోని మేత కరుగక పులియును, ఆకలి చచ్చును. ఎండలోని అతినీల కిరణములు చర్మమున సోకినగాని డి విటమిను కలుగదు. అది లేనిది తిన్న సున్నము ఎముకకును గుల్లకును పట్టదు. గుల్లయనగా మనము విప్పి వేసికొను చొక్కావంటిది కాదు; ప్రక్కటెముకలును వెన్నెముకయు కలిసిపోయి యేర్పడిన అస్థిపంజరమే అది. ఇక అన్నము, పాలు, రొట్టె, బెల్లము దాని కడుపునకు పొసగవు. పీచుగల గడ్డియు ఆకులునే దాని సహజాహారము.

వైద్యులు మాకొక సూత్రము చెప్పిరి: "మొదట వేడి, పిదప నీరు, కడపట మేత." ఈ క్రమము తప్పరాదని హెచ్చరించిరి. చల్లని కడుపులో మేత పడిన మేలుకు మాఱు కీడే.

అవ్వ కుమారుడు మా మాట విని, తానే గడ్డపాఱ తెచ్చి ఆఱు బండలు పెకలించెను. ఆ గుంటను మేము ఎఱ్ఱమట్టితో నింపి, చుట్టును ఇటుకలు పేర్చితిమి. సగము ఎండ, సగము నీడ ఉండునట్లు తాటియాకులు కప్పి, పగిలిన కుండపెంకును గుహవలె బోరగిలించితిమి. రాత్రికి ఎండుగడ్డి పఱచిన కొయ్యపెట్టెయు, దానిపై గోనెపట్టయు, తగినంత దూరమున ఒక వేడిదీపమును ఏర్పాటు చేసితిమి. ప్రతిదినము ఉదయమున వెడల్పైన తొట్టిలో గోరువెచ్చని నీరు దాని గడ్డము క్రిందివఱకు మాత్రము పోసి, ఇరువది నిమిషములు నిలిపి, ఒకరము కాపుండెడివారము. మొదటి దినమే అది మెడ చాచి చాలసేపు నీరు త్రాగెను. మూడవ దినమున నీటిలో తెల్లని సున్నమువంటి పదార్థమును, కొంత మలమును విసర్జించెను. వైద్యులు ఆ మలమును పరీక్షించి పురుగుల మందు అవసరము లేదనిరి.

అయినను అది మేత ముట్టలేదు. గరిక పెట్టితిమి, మునగాకు పెట్టితిమి, గుమ్మడిముక్క పెట్టితిమి, మూతి త్రిప్పుకొనెను. ఐదవదినము, ఆఱవదినము అట్లే గడచెను. మాలో ఇద్దఱికి ఆశ సన్నగిల్లెను. అవ్వ వాకిట కూర్చుండి, "ఆయన తెచ్చినది, ఆయన దగ్గరికే పోతదేమో" అని తనలో తాననుకొనుచుండెను. వైద్యులు మాత్రము ప్రతి వారమును తూచి వ్రాసిపెట్టుడు, కంటికి కనబడనిది తక్కెడకు కనబడునని చెప్పిరి. మొదటినాటి తూనిక 1 కిలో 880 గ్రాములు. వారమునకు 1 కిలో 910. మేత లేకున్నను నీరు నిలిచినదని ధైర్యము తెచ్చుకొంటిమి.

తొమ్మిదవదినము మధ్యాహ్నము ఎండ బాగుగా కాయుచుండెను. మాలో చిన్నవాడు పక్కింటినుండి ఎఱ్ఱ మందారపువ్వొకటి తెచ్చి దాని యెదుట నుంచెను. తాబేలు కన్ను తెఱిచి, ఆ యెఱుపువంక చాలసేపు చూచి, ఒక్కొక్క అడుగే ముందుకు వచ్చి, మూతితో తాకి, నోరు తెఱిచి కొఱికెను. రేకు చిరిగిన చప్పుడు మాకు స్పష్టముగా వినబడెను. అవ్వ ఏమియు అనలేదు. కొంగుతో మొగము తుడుచుకొని లోనికి పోయెను. ఆ నెలాఖరునకు తూనిక 2 కిలోల 10 గ్రాములకు వచ్చెను. గరికయే ముఖ్యాహారముగా, మునగాకును ముండ్లు తీసిన నాగజెముడును ఇష్టముగా తినసాగెను.

అంతటితో సంగతి ముగియలేదు. నక్షత్ర తాబేటిని ఇంట పెంచుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము సమ్మతింపదు. 2022లో చేసిన సవరణ దానిని మొదటి పట్టికలో చేర్చినది. 2019లో అంతర్జాతీయ ఒడంబడికయందును దానికి అత్యున్నత రక్షణ కల్పింపబడినది. కారణమేమన, సొగసైన గుల్ల నాశించి దొంగవర్తకులు వీనిని వేలకొలది మూటగట్టి దేశాంతరములకు చేరవేయుచున్నారు. దారిలో చచ్చునవి యెన్నియో. ఒక్క తాబేటిని ప్రేమతో పెంచుకొను అవ్వకును ఆ వర్తకునకును పోలికయే లేదు. కాని చట్టము మనసులు తూచి చూడజాలదు, ప్రాణిని చూచును. ఈ సంగతిని అవ్వకు చెప్పవలసిన భారము మామీద పడెను. రెండు దినములు ఆమె ఎవ్వరితోను మాటలాడలేదు. మూడవనాడు తానే పిలిచి, "నేను పోయినంక దీనికి గరిక ఎవరు ఏస్తరు బిడ్డా? అక్కడనైతే చూసేటోళ్లుంటరు కదా" అని యడిగెను. అటవీశాఖవారికి వార్త పంపితిమి. వారు మర్యాదగా వచ్చి, మేము వ్రాసిన తూనికల పట్టికను మేత వివరములను తీసికొని, తాబేటిని పెట్టెలో నుంచుకొని పోయిరి. చాలకాలము ఇంట పెరిగిన దానిని పరీక్షింపక అడవిలో విడువరనియు, విడిచినచో దాని రోగము అడవిలోని తక్కిన వానికంటుననియు వారు చెప్పిరి.

తాబేటిని ఆదరించిన మనుష్యుల కథలు లోకమున పెక్కులు గలవు. ఇంగ్లండు దేశమున సెల్బోర్ను గ్రామమందలి గిల్బర్టు వైటు అను ప్రకృతి పరిశీలకుడు తన మేనత్త పెంచిన తాబేటిని 1780లో తన తోటకు తెచ్చి, అది ఎప్పుడు మేల్కొనునో, ఎప్పుడు మేత మానునో, ఎప్పుడు మట్టిలో దూరునో దినచర్యలో వ్రాసిపెట్టెను. 1789లో ప్రకటితమైన ఆయన గ్రంథమున దానికి చోటు దక్కినది. తిమోతి యని మగపేరు పెట్టిన ఆ తాబేలును ఆడుదేయని పిమ్మట దాని గుల్లను చూచి తెలిసికొనిరి! మన కూర్మయ్యకు తోడు దొరికినది. మన హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని చాణక్యుడను గాలపాగసు మహాకూర్మము 125 ఏండ్ల వృద్ధాప్యమున మేత మాని, వైద్యులు పాటుపడినను దక్కక, 2024 మార్చిలో మరణించెను. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మ క్షేత్రమున నక్షత్ర తాబేళ్లను ఆలయ ప్రాంగణమందు పోషించుచున్నారు. వయసుచేత వచ్చిన నిరాహారమును ఎవ్వరును ఆపలేరు. చలిచేతను చీకటిచేతను తగని మేతచేతను వచ్చినదానిని ఆపవచ్చును. ఆ భేదము తెలియుటకే వైద్యుడు కావలెను.

మా తోడి విద్యార్థులకు ఒకటి రెండు మాటలు చెప్పుట అవసరము. మీ పొలములో గాని, కంపలో గాని తాబేలు కనబడినచో దానిని ఇంటికి తేకుడు, ఉన్నచోటనే యుండనిండు. గాయపడినదైనచో అటవీశాఖవారికి తెలుపుడు. మెట్ట తాబేటిని కాలువలో వేయకుడు. గుల్లకు రంగు పూయుటయు, రంధ్రము చేసి త్రాడు కట్టుటయు ఎముకను గాయపఱచుటయే యని మఱవకుడు. ముట్టిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనుడు. తాబేటి దేహముననుండు సూక్ష్మక్రిములు మన కడుపున చేరి అతిసారము కలిగింపవచ్చును.

తల్లిదండ్రులకును ఒక మనవి. ఆ దినములలోనే మా వసతిగృహమునకు క్రొత్తగా వచ్చిన ఆఱవ తరగతి బాలుడొకడు వారము దినములు సరిగా అన్నము తినలేదు. వంటవారు పప్పు మార్చిరి, పెరుగు వేసిరి, ఫలము లేకపోయెను. తాబేటి పెరడు మా మనసులో నుండుటచే మేము అతనిని ఏమి తినెదవని యడుగక, ఇంట ఎట్లు కూర్చుండి తినువాడవని యడిగితిమి. తమ్ములిద్దఱి నడుమ కూర్చుండువాడనని చెప్పెను. ఇక్కడ అతని స్థానము వరుసలో చివరను, గోడప్రక్క. ఆ రాత్రి మేమతనిని మా నడుమ కూర్చుండబెట్టుకొంటిమి. రెండవసారి అన్నము తానే యడిగెను.

మేత మానిన ప్రాణిని చూచి మనము దాని నోటివంకనే చూతుము. గిన్నెలో ఏమి మార్చుదమా యని తొందరపడుదుము. నోటినుండి చూపు మరల్చి, దాని చుట్టునున్న నేలను, ఎండను, తోడును ఒకమాఱు చూచితిమేని, చెప్పలేని ప్రాణి చెప్పదలచినది అక్కడ వ్రాసియుండును. దానిని చదువుటయు విద్యయే.